తేడా సున్నా

ఒక్కసారి మ్యాపు చూస్తే చాలు, ఇక కళ్ళు మూసుకుని ఏ ఊళ్ళోనైనా ఎక్కడికైనా వెళ్ళిపోగలననీ, దారి తప్పిన పావురాలు కూడా తనని చూసి దారి సరిచేసుకుంటాయనీ బడాయి ఆ కొత్త ఊరి రైల్వే స్టేషన్ బయట నిలబడి పదకొండు మందికి చెప్పాడు. అప్పటికింకా అతని పేరు బడాయి కాదు. రెండు గంటల్లో అవబోతోంది.

ఆ పదకొండు మందీ అతనికి ఎంత బాగా తెలుసంటే, విమానంలో ఎవరెంత గురక పెడతారో తెలుసు. అంతకు మించి తెలీదు. అందరూ తెలుగువాళ్ళే, తలా ఒక ఊరు. నేలని కొలిచే చదువు చదవడానికి, అంటే సర్వే కోర్సుకి, పరాయి దేశంలో ఒకే కాలేజీకి ఒకే బ్యాచ్‌గా దిగారు.

"హాస్టల్ ఇక్కణ్ణించి పదిహేను నిమిషాలు. నా వెనకాలే రండి," అని పెట్టె లాక్కుంటూ బయల్దేరాడు.

పన్నెండు మంది, ఇరవై నాలుగు పెట్టెలు, రాళ్ళు పరిచిన వీధి. ఆ చక్రాల చప్పుడుకి రెండు వైపులా కిటికీలు తెరుచుకున్నాయి. ఒక మంగలి షాపాయన మొదటిసారి వీళ్ళు ముందునుంచి పోతుంటే కత్తెర ఆపి చూశాడు. రెండోసారి తల ఊపాడు. మూడోసారి బయటికొచ్చి, చుట్టాలని సాగనంపుతున్నట్టు చెయ్యి ఊపాడు. నాలుగోసారికి అతను షాపు కట్టేసి ఇంటికి పోయాడు.

గంటా నలభై నిమిషాల తర్వాత బడాయి ఆగి, "వచ్చేశాం," అన్నాడు.

ఎదురుగా రైల్వే స్టేషనే ఉంది. కాకపోతే వెనకవైపు గేటు.

తిరిగి చూస్తే ముగ్గురే మిగిలారు. తతిమ్మా ఎనిమిది మందీ రెండో మలుపు దగ్గరే గుట్టుచప్పుడు కాకుండా బస్సెక్కేశారు. ఈ ముగ్గురు మాత్రం ఎందుకు మిగిలారంటే అభిమానం వల్లేం కాదు. ఒకావిడ పెట్టె చక్రం విరిగిపోయి బస్సు దాకా పరిగెత్తలేకపోయింది. ఒకమ్మాయి మూడు స్వెట్టర్లు, వాటి మీద విమానంలో ఇచ్చిన దుప్పటీ కప్పుకుని, 'ఇది దారి కాదు' అనడానికి కూడా నోరు తెరవలేనంత చలిలో ఉంది. మూడోవాడు ఆరడుగుల మూడంగుళాల మనిషి. అందరూ వెళ్ళిపోయారన్న సంగతి అతనికి అప్పుడే తెలిసింది.

"మిగతావాళ్ళేరీ?" అన్నాడతను చుట్టూ చూసి.

"గంటన్నర క్రితం వెళ్ళారు నాయనా. నిదానంగా గమనించు, తొందరేం లేదు," అంది దుప్పటి అమ్మాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నా మాట మాత్రం సూటిగా వచ్చింది. తర్వాత బడాయి వైపు తిరిగింది. "పావురాల సంగతి తర్వాత చూద్దాం గానీ, బస్టాపెక్కడో తెలుసా బడాయి బాబూ?"

అలా పొడుగాయనకి నిదానం, ఇతనికి బడాయి అని ఒక్క ఊపులో ఇద్దరికి పేర్లు పెట్టేసింది. బడాయి ఊరుకుంటాడా, ఆమెకి దుప్పటి అని పెట్టాడు. చక్రం విరిగిన ఆవిడకి ఇరవై ఏడేళ్ళు, పెళ్ళయింది, రోడ్డు కాంట్రాక్టరు దగ్గర మూడేళ్ళు పనిచేసి వచ్చింది. ఆవిడ పెట్టెని చంకనెత్తుకుని, "పదండ్రా, చీకటి పడకముందే చేరదాం," అనగానే ముగ్గురూ "సరే అక్కా" అన్నారు. అంతే, అక్క అయిపోయింది.

నలుగురూ హాస్టల్ చేరేసరికి మెట్ల మీద ఒకాయన చేతి గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆయనే వీళ్ళకి నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెలింగ్ పాఠం చెప్పే లెవెల్ సారు. ఎంత కచ్చితమైన మనిషంటే, ఆయన మీసం కుడి కొసా ఎడమ కొసా సముద్రమట్టానికి ఒకే ఎత్తులో ఉంటాయి. టీలో చక్కెర పలుకులు లెక్కపెట్టి వేసుకుంటాడనీ, తుమ్ము వస్తే దానికి కూడా టైము రాసిపెట్టుకుంటాడనీ తర్వాత తెలిసింది. ఆ రెండోది బడాయి చెప్పిందే కాబట్టి సగం నమ్మొచ్చు.

"ఆలస్యంగా వచ్చిన నలుగురూ ఒక జట్టు," అన్నాడాయన ఆ దేశపు భాషలో. బడాయి ఆ భాష తనకి మంచినీళ్ళ ప్రాయమని వీసా ఫారంలో రాసుకున్నాడు గనక గట్టిగా తలూపి, తర్వాత అక్కనడిగి అర్థం తెలుసుకున్నాడు.

ఆ కాలేజీలో జట్టు అంటే క్లాసులో పక్కపక్కన కూర్చోవడం కాదు. తెల్లారి ఆరింటికల్లా సామాన్లు మోసుకుని ఫీల్డుకి పోవాలి కాబట్టి జట్టంతా ఒకేచోట ఉండాలి. రెండు గదులు, మధ్యలో ఒక వంటగది. ఒక గదిలో అక్కా దుప్పటీ, ఇంకో గదిలో బడాయీ నిదానమూ. వంటగదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గుండ్రంగా తిప్పితే ఒక్కోసారి మాత్రమే వెలిగే స్టవ్వు.

ఆ బల్ల మీద ఏది ఒలికినా నిదానం కంచం వైపే పారేది. నెల రోజులు అతను పాపం తన కర్మ అనుకుని కూర మీద మంచినీళ్ళు పోసుకునే తిన్నాడు. ఒకరోజు అక్కకి కోపమొచ్చి, "నేలని కొలిచే చదువు చదువుతున్నాం, బల్లని కొలవలేమా?" అంది. లెవెల్ మిషన్ని వంటగదిలో నిలబెట్టి, కొలబద్దని ఇనప గరిటకి కట్టి, సాయంత్రమంతా నలుగురూ బల్లని సర్వే చేశారు. నిదానం వైపు పదకొండు మిల్లీమీటర్లు పల్లం అని తేలింది. అట్ట ముక్క మడిచి ఆ కాలి కింద పెట్టారు. ఈసారి కూర దుప్పటి వైపు పారింది. ఇంకో అట్ట పెట్టారు. బడాయి వైపు పారింది. ఆరో అట్ట పెట్టేసరికి బల్ల నడుములెత్తు పోయి గుండెలెత్తుకి వచ్చింది. అన్నాలు నిలబడి తిన్నారు.

ఆ రోజు నవ్విన నవ్వుకి కింద అంతస్తు వాళ్ళు పైకొచ్చి ఎవరికైనా ప్రమాదమా అని అడిగారు.

బడాయికి ఇదంతా కొత్త. వాళ్ళ నాన్నది బదిలీల ఉద్యోగం. పదో క్లాసు అయ్యేలోపు ఆరు బళ్ళు మారాడు. ఒక బళ్ళో నలుగురితో స్నేహం కుదిరి, మధ్యాహ్నం డబ్బాలో ఎవరిది ఎవరు తినాలో ఒక పద్ధతి ఏర్పడే సమయానికి సామాన్లు లారీ ఎక్కేవి. కొత్త బళ్ళో ఎవరూ పలకరించరు కదా. అందుకని వెళ్ళిన మొదటిరోజే ఒక గొప్ప చెప్పేవాడు. గొప్ప చెప్తే నవ్వుతారు, నవ్వితే పక్కన కూర్చోనిస్తారు. అలా అలవాటైపోయింది. ఈ వంటగదిలో మాత్రం మూడో నెల వచ్చేసరికి, ఏ గొప్పా చెప్పకుండా కూడా తన కుర్చీ తనకి ఉంటోందని అతను గమనించాడు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఆదివారాలు వాళ్ళమ్మ ఫోన్ చేసేది. "నేనేనమ్మా జట్టుకి లీడర్ని. నేను లేకపోతే ఈ ముగ్గురూ ఎటుపోవాలో తెలీక ఏడుస్తారు," అనేవాడు.

"ఫోన్ ఆ అక్కకివ్వరా," అనేదావిడ. అక్క తీసుకోగానే, "అమ్మా, వాడు చెప్పినదాంట్లో సగం తీసెయ్. మిగిలిన సగంలో మళ్ళీ సగం తీసెయ్. అప్పటికీ కాస్త ఎక్కువే ఉంటుందనుకో. వేళకి తింటున్నాడా?"

"తింటున్నాడు పిన్నిగారూ. నిలబడి."

నాలుగో నెలలో లెవెల్ సారు ఒక కబురు చెప్పాడు.

కాలేజీ మెట్టు మీద ఒక ఇత్తడి మేకు దిగ్గొట్టి ఉంటుంది. అక్కణ్ణించి బయల్దేరాలి. ఒకళ్ళు కొలబద్ద నిటారుగా పట్టుకుంటారు, ఒకళ్ళు దుర్భిణిలాంటి లెవెల్ మిషన్లోంచి చూసి అంకె చెప్తారు, ఒకళ్ళు ఆ అంకెని పుస్తకంలో రాస్తారు. ఎక్కడ ఎంత ఎక్కాం, ఎక్కడ ఎంత దిగాం అని మూడు కిలోమీటర్లు ఊరంతా చుట్టి, మళ్ళీ అదే మేకు దగ్గరికి రావాలి. బయల్దేరిన చోటికే వచ్చాం కాబట్టి ఎక్కినదంతా, దిగినదంతా సమానం కావాలి. కానీ చెయ్యి వణుకుతుంది, కన్ను మోసం చేస్తుంది, ఎంతో కొంత తేడా వస్తుంది.

"పన్నెండు మిల్లీమీటర్ల దాకా తేడా ఉండొచ్చు," అన్నాడు సారు. "అంతకు మించి వచ్చిందా, ఆ జట్టుకి కలిసి పనిచెయ్యడం రాదని అర్థం. జట్టుని విడగొట్టి మిగతా జట్లలో సర్దేస్తాను. గదులు కూడా మారాలి."

నిదానం అక్క చెవిలో, "పన్నెండంటే ఎంతక్కా?" అన్నాడు.

"నీ చిటికెన వేలంత."

"వెడల్పా, పొడుగా?"

"వెడల్పురా నాయనా."

బడాయి ఆ రోజంతా తన చిటికెన వేలిని చూసుకుంటూ తిరిగాడు. ఊరు చుట్టి వచ్చాక ఆ వేలెడు సందులోంచి తను తప్పించుకోవాలి. లేకపోతే ఇంకో వంటగది, ఇంకో కుర్చీ, మళ్ళీ మొదటిరోజు. ఏడో బడి.

పరీక్ష బుధవారం. పొద్దున్న ఆరింటికి మొదలైన వాన సాయంత్రం నాలుగు దాకా ఒక్క నిమిషం కూడా ఊపిరి పీల్చుకోలేదు. చేపలు కూడా ఇంట్లోనే ఉన్నాయి. లెవెల్ మిషన్ దగ్గర అక్క. కొలబద్ద పట్టుకుని నిదానం. దుప్పటి గొడుగు పట్టింది, మనుషులకి కాదు, మిషన్‌కి. బడాయికి పుస్తకం, పెన్సిలు ఇచ్చారు. మిషన్ని ముట్టుకుంటే ఏదో ఒకటి ఊడొస్తుందని మొదటి నెలలోనే తేలింది కాబట్టి అతనికి మిగిలిన పని అదే.

ఆ పుస్తకానికి ఒక నియమం ఉంది. రబ్బరు వాడకూడదు. తప్పు రాస్తే కొట్టేసి పైన మళ్ళీ రాయాలి గానీ చెరపకూడదు. ఫీల్డులో రాసిన కాగితమే సాక్ష్యం.

బ్రెడ్డు షాపు మూల దగ్గర లోపల్నుంచి వేడి వాసన వస్తుంటే నలుగురికీ కడుపులో ఎలకలు పరిగెత్తాయి. బడాయి ఆకలి మరిపించడానికి, తను చిన్నప్పుడు ఒక్క పూటలో ముప్పై ఆరు బన్నులు తిన్న వైనం మొదలుపెట్టాడు.

"ఒకటి పాయింట్ మూడు ఎనిమిది రెండు," అంది అక్క మిషన్లోంచి కన్ను తియ్యకుండా.

"ముప్పై ఏడోది నోట్లో పెట్టుకుంటుంటే షాపాయన ఏడుపు మొహంతో..."

"రాశావా?"

"రాశానక్కా."

"బన్నులు రాయలేదు కదా?" అంది దుప్పటి.

నాలుగింటికి మళ్ళీ ఇత్తడి మేకు దగ్గరికొచ్చారు. బూట్లలో నీళ్ళు, జేబుల్లో నీళ్ళు, నిదానం చెవుల్లో నీళ్ళు. హాస్టల్ చేరి ముగ్గురూ తడిబట్టలు మార్చుకుని పడ్డవాళ్ళు పడ్డట్టే నిద్రపోయారు. "కూడికలు నేను చూసుకుంటా, మీరు పడుకోండి," అన్నాడు బడాయి. "లెక్కల్లో మా బళ్ళో నన్ను క్యాలిక్యులేటర్ అనేవాళ్ళు."

వంటగది బల్ల దగ్గర కూర్చుని కూడాడు. ఎక్కింది పద్దెనిమిది పాయింట్ నాలుగు మూడు ఆరు మీటర్లు. దిగింది పద్దెనిమిది పాయింట్ నాలుగు ఎనిమిది మూడు.

తేడా నలభై ఏడు మిల్లీమీటర్లు.

నాలుగు పేజీల మొత్తాలనీ మళ్ళీ కలిపాడు. నలభై ఏడు. కిందనుంచి పైకి కలిపాడు. నలభై ఏడు. మంచినీళ్ళు తాగొచ్చి కలిపాడు. అదే. కళ్ళు గట్టిగా మూసి, దేవుణ్ణి తలుచుకుని, తెరిచి కలిపాడు. దేవుడు కూడా నలభై ఏడే అన్నాడు. నాలుగు చిటికెన వేళ్ళు.

బ్రెడ్డు షాపు, అనుకున్నాడు. బన్నులు. తన నోరే ఈ నలుగురి కొంప ముంచింది.

పక్క గదిలోంచి నిదానం గురక వినిపిస్తోంది. నిదానంగానే. ఇంకో గది తలుపు సందులోంచి మూడు స్వెట్టర్ల కుప్ప, దాని పైన దుప్పటి, లోపలెక్కడో మనిషి. అక్క తడిసిన సాక్సులు నాలుగు జతలూ పిండి కుర్చీల మీద ఆరేసింది. నలుగురివీ. ఎవరి కుర్చీ మీద వాళ్ళవి.

బడాయి లేచి గదిలోంచి కొత్త లెవెల్ పుస్తకం తెచ్చుకున్నాడు.

నాలుగు పేజీలూ మళ్ళీ రాశాడు. మూడో పేజీలో ఒకచోట ఇరవై, ఒకచోట పదిహేను, ఇంకోచోట పన్నెండు మిల్లీమీటర్లు దిగుడు తగ్గించాడు. చివర్లో పేజీల మొత్తాలు కూడి చూసుకుంటే ఎక్కిందీ దిగిందీ కవల పిల్లల్లా ఉన్నాయి. తేడా సున్నా. అప్పటికి ఆరున్నరయింది. పాత పుస్తకం చింపేద్దామంటే చెయ్యి రాలేదు, పొద్దుటి నుంచి వానలో నలుగురూ పడ్డ పాటు అందులోనే ఉంది మరి. తడిసిన ఫోను బియ్యంలో పెడితే ఆరుతుందని ఎక్కడో విన్నాడు. అదే వైద్యం పుస్తకానికీ చేద్దామని బియ్యం డబ్బా అడుగున పూడ్చిపెట్టాడు.

అతను చేసిన పొరపాటు అంకెలు మార్చడం ఒక్కటే కాదు. ఎక్కడ ఆపాలో తెలీకపోవడం. ఏ ఎనిమిదో తొమ్మిదో ఉంచి ఉంటే ఎవరూ తలెత్తి చూసేవాళ్ళు కాదు. పుట్టి బుద్ధెరిగాక ఏ పనీ తక్కువ చేసి చెప్పని మనిషి, ఆఖరికి దొంగ లెక్క కూడా గొప్పగానే రాశాడు.

మర్నాడు ఫలితాలు చెప్పారు. మొదటి జట్టుకి తొమ్మిది. రెండో జట్టుకి పదకొండు. మూడో పుస్తకం తెరిచి లెవెల్ సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి ఈసారి పుస్తకాన్ని తుడిచాడు.

"సున్నా," అన్నాడు. "ఇరవై రెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నా జీవితంలో అతి తక్కువ తేడా రెండు."

ఇక చూడాలి. నోటీసు బోర్డు మీద నలుగురి ఫోటో పెట్టారు. పక్క జట్లవాళ్ళు వచ్చి నిదానం ఎలా నిలబడతాడో చూసిపోయారు. శుక్రవారానికల్లా అతను వరండాలో ఐదుగురికి నిటారుగా నిలబడడం నేర్పుతున్నాడు. "ముందు మడమలు, తర్వాత మోకాళ్ళు, తొందరపడకూడదు," అంటున్నాడు. దుప్పటి గొడుగు పట్టే తీరుకి ఒక పేరు కూడా పెట్టుకుంది. అక్క ఇంటికి ఫోన్ చేసి అత్తగారికి చెప్పింది.

"సున్నా వచ్చిందత్తయ్యా!"

"పోనీలేమ్మా," అందావిడ మెత్తగా. "కొత్త ఊరు, కొత్త చదువు. ఈ సంగతి నేను మావాడికి చెప్పన్లే. వచ్చేసారి బాగా రాద్దువుగాని."

బడాయి ఒక్కడే ఏమీ అనలేదు. ఇంత పెద్ద గొప్ప చేతికొచ్చి కూర్చుంటే ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరైనా వచ్చి ఎలా చేశారయ్యా అంటే, "ఏదో, అదృష్టం," అని తప్పుకుంటున్నాడు. ఆదివారం పొద్దున్న అక్క అతని నుదుటి మీద చెయ్యేసి చూసింది.

"జ్వరం లేదే."

"వీడికి ఒంట్లో బాలేదక్కా," అంది దుప్పటి. "ఇందాక ఫోన్లో వాళ్ళమ్మతో 'ఈ వారం పెద్ద విశేషాలేం లేవమ్మా' అన్నాడు. నేను నా చెవులతో విన్నాను. ఆవిడ భయపడి హాస్పిటల్ దగ్గర్లో ఉందా అనడిగింది."

ఆ మధ్యాహ్నం పన్నెండింటికి తలుపు చప్పుడైంది. లెవెల్ సారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో పుస్తకం. అక్క కంగారుగా కుర్చీ మీద సాక్సులు తీసి కూర్చోమంది. టీ పెట్టింది. ఆయన చక్కెర లెక్కపెట్టుకోలేదు గానీ, చెంచాలో చక్కెరని గరిట వెనకతో అంచుకి సమం చేసి మరీ వేసుకున్నాడు.

"ఒక చిన్న సందేహం," అన్నాడు బడాయి వైపు తిరిగి, అతని కోసం మాటల్ని నెమ్మదిగా విడివిడిగా పలుకుతూ. "బుధవారం రోజంతా వాన. మిగతా రెండు జట్ల పుస్తకాలూ టీలో ముంచిన బిస్కెట్లలా ఉన్నాయి. నీ పుస్తకం మీద ఒక్క చుక్క లేదు. పెళ్ళి శుభలేఖలా ఉంది. ఎలా?"

"ప్లాస్టిక్ కవర్లో చెయ్యి పెట్టి రాశాను సార్," అన్నాడు బడాయి తెలుగులో. అక్క దాన్ని ఆ భాషలోకి మార్చి చెప్పింది.

"ఒక్క కొట్టివేత కూడా లేదు."

"తప్పు రాయడం నాకు అలవాటు లేదు సార్."

"పేజీలు వంకర పోలేదు."

"ఇస్త్రీ చేశాను సార్."

నిదానం ఆశ్చర్యంగా చూశాడు. "మన దగ్గర ఇస్త్రీ పెట్టె ఉందారా? నాకు చెప్పనేలేదే."

ఇవతల దుప్పటి అన్నం వండుదామని బియ్యం డబ్బా తీసింది. నాలుగు రోజులయింది కదా, బియ్యం అడుక్కొచ్చాయి. బడాయి ఆ చప్పుడు విని తల తిప్పేలోపే ఆమె గ్లాసు దేనికో తగిలింది. చెయ్యి పెట్టి పైకి తీసింది. ఉబ్బి, పేజీలు అలలు తేలి, అంచుల్లో బియ్యపు గింజలు గుచ్చుకున్న లెవెల్ పుస్తకం. తెచ్చి బల్ల మీద, శుభలేఖ పక్కన పెట్టింది.

స్టవ్వు మీద టీ గిన్నె ఇంకా మరుగుతోంది. సారు రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచాడు.

అక్క వంగి చివరి పేజీ చూసింది. "నలభై ఏడా?" అంది తెలుగులో. "ఒరేయ్, నలభై ఏడొస్తే సున్నా చేశావా?"

"నా వల్లేనక్కా," అన్నాడు బడాయి. "బ్రెడ్డు షాపు దగ్గర బన్నుల ధ్యాసలో పడి ఏదో తప్పు రాసుంటాను."

"నీ వల్ల కాదు," అన్నాడు నిదానం కాస్త ఆలోచించి. "అక్కడ బురదగా ఉందని కొలబద్ద నా బూటు మీద పెట్టుకున్నాను. బూటు మెత్తగా ఉంటుంది కదా."

"నీ బూటు కాదు, నేనే," అంది దుప్పటి. "చలికి తట్టుకోలేక మిషన్ స్టాండుని కావలించుకున్నాను ఒకసారి. రెండుసార్లు."

"రెండుసార్లా?" అంది అక్క. "నాకు మిషన్లో ఊరంతా వణుకుతుంటే భూకంపమేమో అనుకుని, మధ్యలో ఒక అంకె ఉజ్జాయింపుగా చెప్పాను. తప్పంతా నాది."

"మీది కాదక్కా, నాది," అన్నాడు బడాయి.

"నువ్వు ఊరుకో, అంతా నీదే అంటే ఎలా? నా వంతు నాకుండాలి," అంది దుప్పటి.

తప్పు నాదంటే నాదని నలుగురూ గొంతులు పెంచి కొట్టుకుంటున్నారు. సారుకి ఒక్క ముక్క అర్థం కావట్లేదు. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, గింజల్ని గోటితో తప్పించుకుంటూ, తడిసిన పుస్తకంలో ఒక్కో పేజీ మొదటి అంకె నుంచి కూడుకుంటూ పోతున్నాడు. మూడో పేజీ దగ్గర ఆగాడు. మళ్ళీ కూడాడు.

"ఏడు," అన్నాడు.

నలుగురూ ఆగారు.

"తేడా ఏడు మిల్లీమీటర్లు. మూడో పేజీలో ఇతను చేతిలో ఉంచుకున్న నాలుగుని పదుల వరసలో రెండుసార్లు కలిపాడు. నలభై అక్కడ పుట్టింది." పుస్తకం మూశాడు. "ఫీల్డులో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. చాలా మంచి పని. ఆ వానలో ఏడు రావడమంటే నేనైనా గర్వపడేవాణ్ణి."

బడాయి కుర్చీలో కూలబడ్డాడు. పేజీల మొత్తాల్ని ఐదుసార్లు కలిపాడు గానీ పేజీని ఒక్కసారైనా మళ్ళీ కలపలేదు. ఏడు చాలు. ఏడుతో హాయిగా గట్టెక్కేవాళ్ళు. తను వేలు పెట్టకుండా నిద్రపోయి ఉంటే, నిద్రలోనే పాసయ్యేవాళ్ళు.

"జట్టు ఉంటుంది," అన్నాడు సారు. "కానీ ఇతను ఉండాలా అన్నది వేరే సంగతి. ఈ ముగ్గురూ వానలో నిలబడి చేసిన మంచి పనిని ఇతను బియ్యంలో పాతిపెట్టాడు. నష్టపోయింది వీళ్ళు. కాబట్టి వీళ్ళే చెప్పాలి. ఉంచుకుంటారా, వేరే జట్టుకి పంపమంటారా?"

ముగ్గురూ బడాయిని చూశారు.

"ఎందుకు చేశావురా?" అంది అక్క తెలుగులో.

"దేశం పరువు కోసమక్కా."

"ఇంకోటి చెప్పు," అంది దుప్పటి.

"వాళ్ళ అత్తగారి దగ్గర అక్క తలెత్తుకు తిరగాలని."

"ఇది కూడా బావుంది. ఇంకోటుందా?"

బడాయి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఇరవై ఒక్కేళ్ళలో అతని నోరు తెరుచుకుని ఖాళీగా ఉండడం అదే మొదటిసారి. బల్ల మీద ఉన్న ఒక గింజని వేలితో అటూ ఇటూ తోశాడు.

"నాకు భయమేసింది," అన్నాడు. "నలభై ఏడు చూడగానే ఇంక మీరు ముగ్గురూ ఎక్కడో ఒకచోట సర్దుకుంటారు, నేను ఇంకో వంటగదిలో తేలతాను అనుకున్నా. అక్కడ వాళ్ళకి నేనెవరో తెలీదు. మళ్ళీ మొదటినుంచీ గొప్పలు చెప్పుకోవాలి. ఆరు బళ్ళలో చెప్పాను దుప్పటీ. నా దగ్గర స్టాకు అయిపోయింది. ఇక్కడ చెప్పకపోయినా ఉండనిస్తున్నారు కదా, అందుకని."

నిదానం ఎప్పుడూ లేనిది ఈసారి అందరికంటే ముందే కదిలాడు. లేచి వెళ్ళి గోడవైపు తిరిగి, స్టవ్వు వెలిగించే ప్రయత్నంలో పడ్డాడు. స్టవ్వు అప్పటికే వెలుగుతోంది.

"ఏమన్నాడు?" అనడిగాడు సారు.

అక్క కుర్చీ మీంచి తీసిన సాక్సుల్ని మడతపెట్టడంలో పడింది. దుప్పటి అందుకుంది. "తనకి కూడికలు రావని ఒప్పుకుంటున్నాడు సార్."

"అంతసేపు మాట్లాడాడే?"

"చాలా రకాల కూడికలు రావు సార్."

"మాతోనే ఉంటాడు సార్," అంది అక్క. "పుస్తకం మాత్రం ఇవ్వం. ఇకనుంచి గొడుగు పడతాడు."

సారు తలూపి, టీ కప్పు పక్కన పెట్టి, బడాయి కళ్ళలోకి చూశాడు. "కూడికలు రావనేనా నువ్వు చెప్పింది?"

అవును సార్ అంటే అయిపోయేది. ఆ రెండు మాటలూ ఆ భాషలో అతనికి బాగా వచ్చు. కానీ బడాయి లేచి నిలబడ్డాడు. మంచినీళ్ళ ప్రాయమని వీసా ఫారంలో రాసుకున్న ఆ భాషలో మాటలు ఏరుకుంటూ, సగం చేతులతో చూపిస్తూ, చెవులు ఎర్రబడుతుండగా చెప్పాడు.

"కాదు సార్. ఆమె చెప్పింది అబద్ధం. నేను... అంకెలు... దొంగ రాశాను. ఎందుకంటే, నాకు వేరే వంటగది... వద్దు. ఈ ముగ్గురు... కావాలి. ఇంకా సార్, ఈ భాష కూడా... నాకు రాదు."